సంతకం పెట్టని ఆచార్యులు



1931లో ఇటలీలో ముస్సోలినీ ప్రభుత్వం విశ్వవిద్యాలయ ఆచార్యులందరి ముందూ ఒక ప్రమాణపత్రం పెట్టింది. రాజుకే కాదు, ఫాసిస్టు పాలనకూ విధేయులుగా ఉంటామని, విద్యార్థులను ఆ పాలనకు భక్తులుగా తీర్చిదిద్దుతామని చెప్పి సంతకం పెట్టాలి. ఆచార్యులు 1,200 మందికి పైనే. కాదన్నవారు ఇంచుమించు పన్నెండు మంది.

వారిలో వీటో వోల్టెర్రా ఒకరు. సముద్రంలో పెద్ద చేపలు, వాటికి ఆహారమయ్యే చిన్న చేపలు ఒకదాన్నిబట్టి ఒకటి ఎలా పెరిగి తగ్గుతాయో సమీకరణాల్లో చెప్పిన గణితవేత్త. అప్పటికి ఆయనకు డెబ్బై ఏళ్లు దాటాయి. రోమ్‌లో ఉద్యోగం పోయింది, తర్వాత అకాడమీల సభ్యత్వమూ పోయింది. ఫ్రాంచెస్కో రుఫీనీ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు నిరాకరిస్తే, ఆయన కొడుకు ఎదోఆర్దో కూడా నిరాకరించాడు. తండ్రి పదవీ, కొడుకు పదవీ ఒకేసారి పోయిన ఇల్లది. టురిన్ వైద్యాచార్యుడు మారియో కరారా తర్వాత అరెస్టై, 1937లో జైల్లోనే కన్నుమూశారు.

సంతకం పెట్టినవారిలో ఫాసిజాన్ని అసహ్యించుకున్నవారూ ఉన్నారు. తాము తప్పుకుంటే పిల్లలు పాలకుల మనుషుల చేతిలో పడతారని వారి భయం. వారిని నిందించడానికి నాకు నోరు రాదు. కానీ తరగతిలో అబద్ధం చెప్పబోమని నిలబడ్డది ఆ కొద్దిమందే.

మీ ఇంట్లో గణితం చదివే పిల్లలుంటే, వోల్టెర్రా సమీకరణాలతో పాటు ఆయన పెట్టని ఆ సంతకం గురించీ చెప్పండి.