చింతకు హద్దు

మహాభారతమున ఆరణ్యపర్వము చివర ఒక చెరువు గట్టున యక్షుడు ధర్మరాజును అనేక ప్రశ్నములు అడుగును. వానిలో ఒకటి, లోకమున సంతోషించువాడు ఎవడు అనునది. ధర్మరాజు చెప్పిన సమాధానము చాల చిన్నది. ఐదవనాడో ఆరవనాడో అయినను తన ఇంట ఇంత ఆకుకూర వండుకొని తినుచు, అప్పు లేక, పరదేశమున ఉండక కాలము గడుపువాడే సంతోషించువాడని ఆయన అభిప్రాయము. ఈ మాట చెప్పునప్పటికి ఆయన పండ్రెండేండ్ల వనవాసము ముగియవచ్చినది. రాజ్యము లేదు, ఇల్లు లేదు. తమ్ములు నలువురు ఆ గట్టుననే ప్రాణము లేక పడియున్నారు. భోగములు చవిచూచి విసిగినవాని వేదాంతము కాదు ఇది. ఇల్లు కోల్పోయినవాడు ఇంటిని తలచుకొని చెప్పిన మాట. దానికి బరువు అందువలననే వచ్చినది.

ఇట్టి మాటను నేటి సామాన్య గృహస్థుని బ్రతుకు ప్రక్కన నిలిపి చూచుట మంచిది. అండమాను దీవులలో పోర్టు బ్లెయిరు పట్టణపు అంచున బతు బస్తీ కలదు. 2024 సెప్టెంబరులో ఆ పట్టణమునకు శ్రీ విజయపురమని పేరు మార్చిరి. 2011 జనాభా లెక్కలనాటికి ఈ దీవులలో సుమారు 3,80,000 మంది ఉండగా, వారిలో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. వారిలో పెక్కుమంది పూర్వులు శ్రీకాకుళము, విశాఖపట్టణము వైపులనుండి చేపల వేటకో, కూలిపనికో, చిన్న వ్యాపారమునకో సముద్రము దాటి వచ్చినవారు. విశాఖపట్టణము ఇక్కడికి సుమారు 1,200 కిలోమీటర్ల దూరమున ఉన్నది. బతు బస్తీలో కాపురమున్న అట్టి ఒక నడివయసు మనిషిని ఊహించుకొనవచ్చును. పేరుతో పనిలేదు. చిన్న ఉద్యోగము, భార్య, ఒక కూతురు, ఒక కొడుకు. శ్రీకాకుళము దగ్గరి పల్లెలో ముసలితల్లి. అతనికి అప్పు కలదు. అతడు పరదేశమునను ఉన్నాడు. ధర్మరాజు విధించిన రెండు నియమములలోను అతడు తప్పినాడు. ఐనను అతడు సాయంకాలము ఇరుగుపొరుగువారితో నవ్వుచునే ఉన్నాడు; రాత్రి చాలవరకు నిద్రయు పట్టుచున్నది. అట్లయిన ఆ సమాధానము తప్పని చెప్పవలెనా? లేక అప్పు, పరదేశము అను మాటలకు పైకి కనబడు అర్థముకంటె లోతైన అర్థమున్నదా?

అతని దినము త్వరగా మొదలగును. దేశమంతటికి ఒకే గడియారము. కాని ఈ దీవులు దేశపు ప్రామాణిక రేఖకు సుమారు పది డిగ్రీలు తూర్పుగా ఉన్నవి. కావున సూర్యుడు ఇక్కడ గడియారముకంటె సుమారు 40 నిమిషములు ముందు నడచును. తెల్లవారిన పిదప మొదటి తలపు నీటిని గూర్చినది. పట్టణమునకు నీరు ముఖ్యముగా ధనీఖరి జలాశయమునుండి వచ్చును. వేసవిలో అది అడుగంటినచో కుళాయి దినము విడిచి దినము పలుకును. బిందెలు నిండిన తరువాత రెండవ తలపు డబ్బును గూర్చినది. బియ్యము, ఉల్లిపాయలు, పప్పులు, మందులు, సిమెంటు, ఇంచుమించు సర్వమును ఓడపై రావలసినవే. ఓడ ఆలస్యమైన వారము ఉల్లి ధర వేరు. అతడు అంగడిలో హిందీ మాటాడును. లెక్క మాత్రము మనసులో తెలుగుననే కట్టుకొనును. చీటీ పాట కంతు, బ్యాంకులో కుదువబెట్టిన బంగారముపై వడ్డీ, పెద్దనేలపై చదువుకొనుచున్న కూతురి ఖర్చు, తల్లికి నెలనెల పంపు సొమ్ము, కొడుకు చేతిలోని కొత్త ఫోనుకు వాయిదా. వచ్చునది ఒకటే, పోవునవి ఐదు.

ఈ ఐదింటిని అతడు ఒకే వరుసలో వ్రాసికొనుచున్నాడు గాని, ఇవి ఒకే జాతివి కావు. మన ప్రాచీనులు మనుష్యుడు పుట్టుకతోనే దేవతలకు, ఋషులకు, పితరులకు ఋణపడి యున్నాడనిరి. ఆ లెక్కన అప్పు లేనివాడు ఈ నేలపై పుట్టనే లేదు. కనుక అనృణి అనగా ఎవరికిని ఏమియు ఇయ్యవలసినది లేనివాడని అర్థము చెప్పిన పొసగదు. తల్లికి పంపు సొమ్ము అప్పే. కాని అది తీరిపోవలెనని కోరుకొను కొడుకు ఉండడు. చీటీ కూడ అప్పే. పదిమంది పొరుగువారు నెలనెల తలా ఇంత వేయగా, ఆ నెల అవసరమున్నవాడు పాట పాడి తీసికొనును. అందులో లెక్క ఎంత యున్నదో నమ్మకము అంత యున్నది. కంతు కట్టలేని నెలలో అతనికి కలుగు బాధ డబ్బు బాధ మాత్రమే కాదు. నమ్మినవాని ముఖము చూడవలసిన బాధ. కూతురి చదువుకై పెట్టిన బంగారము భార్యది. ఆమె దానిని ఇచ్చునపుడు మారుమాటాడలేదు. ఈ అప్పులన్నిటి వెనుక ఒక మనిషి ఉన్నాడు.

ఐదవది వేరు. ఇంట పనిచేయు ఫోను ఉండగనే, పొరుగింటి పిల్లవానికి వచ్చినదని కొడుకునకు మరియొకటి కొనవలసివచ్చినది. వాయిదా పెద్దది కాదు. ఐనను ఐదింటిలో అతడు తల్లికి చెప్పక దాచినది అదియొక్కటే. బంగారము కుదువబెట్టిన సంగతి చెప్పినాడు. చీటీ పాడిన సంగతి చెప్పినాడు. ఏ అప్పు మంచిది, ఏది చెడ్డది అని తేల్చుటకు అర్థశాస్త్ర గ్రంథములు తిరుగవేయ నక్కరలేదు. కన్నవారి యెదుట నోరువిప్పి చెప్పగలిగినది ఒక తరగతి. చెప్పలేనిది వేరొక తరగతి. ఇంకొక మార్పును గమనింపదగినది. వెనుక రూపాయి నోటు చేయి విడుచునపుడు ఆ చేతికి తెలిసెడిది. 2016లో యూపీఐ వచ్చిన పిదప కూరగాయలమ్మి కూడ ఒక చతురపు గుర్తును ముందుంచుకొని కూర్చున్నది. సొమ్ము చప్పుడు లేక పోవుచున్నది. ఖర్చు చేయునపుడు కలుగని నొప్పి నెల చివర ఒక్కసారిగా కలుగుచున్నది.

ఇక ప్రవాసము. 2020 ఆగస్టు 10న చెన్నైనుండి ఈ దీవులకు సముద్రగర్భమున వేసిన తీగ పనిచేయ మొదలిడినది. దాని పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు. అంతకుముందు దీవులకు ఇంటర్నెట్టు ఉపగ్రహముల ద్వారానే. అది సన్ననిదారి, ఖరీదైనదారి. అంతకంటె వెనుక తరమువారికి ఓడపై వచ్చు ఉత్తరమే ఆధారము. ఇప్పుడు అతడు ప్రతిరాత్రియు తల్లి ముఖము చూచుచున్నాడు. దూరము పోయినదని అందరును అందురు. నిజమునకు దూరము ఎక్కడను పోలేదు. తల్లికి జ్వరము వచ్చినచో గంటగంటకు చూడవచ్చును. గ్లాసెడు నీళ్లు అందింపలేడు. వెనుకటివానికి జ్వరము సంగతి, తగ్గిన సంగతి ఒకే ఉత్తరమున వచ్చెడివి. తెలియకపోవుటలో కొంత దయ ఉండెడిది. పరికరము ఆ దయను తీసివేసినదని అతనికి ఒక్కొక్క రాత్రి తోచును.

ఐతే ఆ మాటను అంతటితో వదలిపెట్టుట న్యాయము కాదు. 2004 డిసెంబరు 26న సముద్రము పొంగి దీవులపైకి వచ్చినది. మాటపోకలు తెగిపోయినవి. ఆ దినములలో పెద్దనేలపై ఎందరో తల్లులు తమ బిడ్డ ఉన్నాడో లేడో తెలియక గడపలో కూర్చుండిరి. తెలియకపోవుటలో దయ కలదనువాడు ముందు వారిని అడుగవలెను. కావున తెలియుట మేలా, తెలియకుండుట మేలా అనునది అసలు ప్రశ్నము కాదు. తెలిసినదానితో ఏమి చేయవలెననునదే ప్రశ్నము.

ఈ ప్రశ్నము వార్తల విషయమున మరింత పదునెక్కును. అరచేతి వెడల్పు అద్దములో తల్లి ముఖము, బ్యాంకు హెచ్చరిక, ఎక్కడిదో యుద్ధము, బంగారము ధర, ఎన్నికల తగవు ఒకదాని వెంట ఒకటి వచ్చుచున్నవి. అన్నియు ఒకే పరిమాణములో వచ్చుచున్నవి. అతడు తెలియని దేశపు నగరములో గోడ కూలిన సంగతి గంటలోపల తెలిసికొనుచున్నాడు. తన దీవుల దక్షిణపు కొసనున్న గ్రేట్ నికోబారు సంగతి అంత తెలియదు. అక్కడ గలాథియా అఖాతమున ఓడరేవు, విమానాశ్రయము, కొత్త పట్టణము, విద్యుత్ కేంద్రము నిర్మించు పథకమునకు 2022 నవంబరులో పర్యావరణ అనుమతి లభించినది. సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవి ఆ పథకము క్రిందకు వచ్చును. అది నికోబారీల నేల, షోంపెన్‌ల అడవి. అచటి ఇందిరా పాయింటు 2004 భూకంపమున నాలుగు మీటర్లకు పైగా కుంగినది. ఈ వార్త చదివినపుడు అతనికి రెండు తలపులు ఒకేసారి కలుగును. కొడుకునకు అక్కడ ఏదేని పని దొరకునేమో అనునది ఒకటి. ఆ అడవిలోనివారు ఎక్కడికి పోవుదురు అనునది రెండవది. రెండును నిజమైన తలపులే. మొదటిదానికి అతడు సిగ్గుపడ నక్కరలేదు. రెండవదానిని అద్దముపై వ్రేలు జరిపి త్రోసివేయనుకూడదు. కాని జరుగుచున్నది అదే. తరువాతి వార్త అప్పటికే వచ్చియుండును.

చిత, చింత అను మాటలకు నడుమ ఒక్క సున్నయే భేదమని పెద్దలందురు. ఒకటి చచ్చినవానిని కాల్చును, రెండవది బ్రతికినవానిని. అది నిజమైనచో, చేతిలో లేని విషయములను గూర్చి చింతింపకుండుటయే తెలివి అనిపించును. బానిసగా పుట్టి తత్త్వవేత్తయైన ఎపిక్టెటస్ రోమను లోకమునకు బోధించినది ఇట్టిదే: మన వశమున ఉన్నది వేరు, లేనిది వేరు అని గుర్తించుట. మన ఇండ్లలోను పెద్దలు, నీ పని నీవు చూచుకొమ్మని ఇదే మాట తేలికగా చెప్పుదురు. అలసినవానికి ఇది మంచి మందు.

కాని బతు బస్తీకి కొన్ని మైళ్ల దూరముననే ఈ సూత్రమునకు ఎదురుసాక్ష్యము కలదు. 1933లో సెల్యులర్ జైలులో రాజకీయ ఖైదీలు నిరాహారదీక్ష పట్టిరి. మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మైత్ర మరణించిరి. 1937 జూలైలో మరల దీక్ష మొదలైనది. ఆ వార్త సముద్రము దాటి పెద్దనేలకు చేరినది. గాంధి, రవీంద్రుడు మొదలుకొని ఎన్నడును దీవులను చూడని జనులవరకు ఎందరో ఆ ఖైదీలను గూర్చి ఆందోళన చెందిరి, సభలు జరిపిరి. 1938 మొదటికి రాజకీయ ఖైదీలను దీవులనుండి తరలించిరి. నాడు ప్రతి గృహస్థుడును తన వంటయింటివరకే చింతకు హద్దు గీసికొనియున్న యెడల ఆ గోడలలోని మాట గోడలలోనే చచ్చియుండును. కావున చింతకు దూరము హద్దు కాజాలదు. ఏది మన వశము, ఏది కాదు అనునది కూడ ముందే వ్రాసిపెట్టిన లెక్క కాదు. పదిమంది కదలినపుడు దాని గీత కదలును.

అట్లయిన హద్దు ఎక్కడ? బతు బస్తీ మనిషి ఐదు అప్పుల లెక్కలోనే దీనికి దారి దొరకును. చింతయు ఒక అప్పు వంటిదే. ఇతరుల దుఃఖము చెవినపడినపుడు అది వినినవానినుండి ఏదియో కోరును: కొంత సొమ్ము, ఒక మాట, ఒక ఓటు, లేదా శ్రద్ధగా తెలిసికొనుట. అది ఇచ్చినవాని చింత తీరకపోయినను కుళ్లిపోదు. ఏమియు ఇయ్యక, ఇయ్యవలెనను తలంపును లేక, రాత్రివేళ నూరు దుఃఖములను వ్రేలితో త్రిప్పుచు పోవువాడు నూరుచోట్ల అప్పుచేసి ఒక్కచోటను కంతు కట్టనివానితో సమానుడు. అతనికి కలుగు అలసట జాలివలన కలిగినది కాదు, ఎగవేతవలన కలిగినది. గ్రేట్ నికోబారు విషయమున అతడు చేయగలది స్వల్పమే. దీవులన్నిటికి లోకసభలో ఒక్కడే సభ్యుడు. ఆ ఒక్కని ఎన్నుకొనుటలో అతనికి ఒక ఓటు కలదు. విషయమును పూర్తిగా చదువుటకు ఒక సాయంకాలము కలదు. కొడుకుతో దానిని గూర్చి ఉన్నదున్నట్లు, ఉద్యోగమును అడవిని రెండింటిని ముందుంచి, మాటాడుటకు నోరు కలదు. ఈ కంతు చిన్నదని కట్టకుండుట ధర్మము కాదు.

ప్రవాసమునకును ఇట్టి అర్థమే చెప్పవలసియున్నది. భార్య వడ్డించుచుండగా అద్దములోని యుద్ధము చూచువాడు తన ఇంటనే పరదేశి. కుళాయి దగ్గర వరుసలో నిలిచి, వెనుకనున్న ముసలమ్మ బిందె ముందు నింపి ఇచ్చినవాడు ఎక్కడినుండి వచ్చినను ఆ ఊరివాడే. అతని పిల్లలు దీవులలోనే పుట్టిరి. శ్రీకాకుళము వారికి సెలవులకు పోవు ఊరు. ఇల్లు అనగా వారికి బతు బస్తీయే. తండ్రి ప్రవాసము బిడ్డలకు స్వదేశమైనదన్నమాట. ఐనను తల్లి అక్కడ ఒంటరిగా ఉన్నంతవరకు అతని ప్రవాసము పూర్తిగా తీరునని చెప్పుట అబద్ధమగును. కొన్ని ఋణములవలెనే కొన్ని దూరములును తీరునవి కావు, మోయవలసినవి.

నెల మొదటివారమున ఒక రాత్రి అతడు చీటీ సొమ్ము లెక్కపెట్టి కవరులో పెట్టును. ఫోను వాయిదా సంగతి ఈ రాత్రియైనను తల్లికి చెప్పవలెననుకొనును. పెరటిలో కోసిన బచ్చలికూర పొయ్యిపై ఉడుకుచుండును. అద్దములో ముసలిముఖము కనబడగానే అతడు మాట వెదకికొనును. అంతలో ఆమెయే, ప్రతిరాత్రి అడుగునట్లుగా, ముందు అడుగును:

“ఏటి కూర వండినారు, నాయనా?”

డబ్బు సంగతి కాదు, లోకపు సంగతి కాదు. యక్షుని చెరువు గట్టున ధర్మరాజు మొదట తలచుకొనినదియు ఆ ఆకుకూరనే. అతడు బచ్చలి అని చెప్పి, కొంచెము తడవి, ఫోను సంగతి చెప్పనారంభించును.