చూడక వ్రాసిన మాట

కడప జిల్లా ఎఱ్ఱగుంట్ల పరిసరములలో సున్నపురాతి నేలను ఆధారము చేసికొని సిమెంటు కర్మాగారములు వెలసినవి. వానిలో కిల్ను అనబడు పొడవైన ఉక్కు గొట్టము మెల్లగా తిరుగుచుండును. లోపల సున్నపురాతి పొడి సుమారు 1450 డిగ్రీల వేడికి కాలి క్లింకరు గడ్డలగును. కరెంటు పోయి, ఆ వేడిమీద గొట్టము కదలక నిలిచిపోయెనా, తన బరువునకు తానే వంగిపోవును. అందుచే ప్రక్కన ఒక డీజిల్ ఇంజను నుంతురు. కరెంటు లేనపుడు అదియే కిల్నును కొంచెము కొంచెముగా త్రిప్పును. దాని నూనె, డీజిలు, బ్యాటరీ చూచి పుస్తకమున వ్రాయుట మెయింటెనెన్సు పనివాని విధి.

సేద్యగానికి వేరుసెనగ రాశియు, నేతగానికి చీరయు కన్నుల యెదుట ఫలములై యుండును. ఈ పనివాని ఫలము ఏమియు జరుగకుండుటయే. గీతాచార్యుడు ఫలాపేక్ష విడువుమనెను. ఇతనికి విడుచుటకైనను చేతికందు ఫలము లేదు! విజయదశమినాడు యంత్రములకు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టుదుము. తక్కిన దినములలో వానికి కావలసిన పూజ నూనెయే.

నేనును కొన్నేండ్లు అట్టి యొక కర్మాగారమున ఫిట్టరుగ నుంటిని. ఒక రాత్రి షిఫ్టున ఒడలు బడలి, ఇంజను దగ్గరకు పోకయే "చూచితిని, సరిగా నున్నది" అని వ్రాసితిని. ఆ రాత్రి కరెంటు పోలేదు. తెల్లవారుజామున మనసొప్పక పోయి చూడగా అన్నియు సరిగానే యుండెను. వ్రాసిన మాట నిజమాయెను; ఎవరికిని హాని కలుగలేదు. మఱి దోషమెక్కడ?

పాఠకులకు ధర్మరాజు తలపునకు వచ్చియుండును. అశ్వత్థామ యను ఏనుగు చచ్చినమాట వాస్తవమే. అయినను ద్రోణుడేమని తలచునో యెఱిగియే పలికెను గనుక, అంతవఱకు నేలకు నాలుగంగుళములు పైగా నడచిన రథము నేల నంటెను. ఆయనకు తన మాటలోని నిజమైనను తెలియును, నాకదియు తెలియదు. నా వ్రాత నిజమగుట ఇంజను పుణ్యము, నాది కాదు. కరెంటు పోయి ఇంజను కదలకున్నచో లోకము నన్ను దోషి యనియుండును. పోలేదు గనుక మంచి పనివాడనైతిని. ఎట్లయినను నేను చేసినది ఒక్కటియే గదా!

షిఫ్టు దిగుచుండగా పెద్ద మేస్త్రి, "రాత్రి ఇంజను చూసినావా?" అని అడిగెను.

"బాగానే ఉండాది మేస్త్రీ" అంటిని.

"బాగుండాదని నాకూ తెల్సు నాయనా. రాత్రి నువ్వు చూసినావా అని అడుగుతాండా."

నేను తల వంచితిని. ఆయన మఱి మాటాడక పుస్తకమును నా ముందుంచెను. ఆ పంక్తిని కొట్టివేసి, నిజముగా చూచిన వేళను దాని క్రింద వ్రాసి సంతకము చేసితిని.