ఎంగిలిపడని ధాతువు

విద్యకు గురువు తప్పనిసరి అని గట్టిగా చెప్పిన భారతీయ సంప్రదాయమే, గురుముఖంగా నేర్వని విద్య ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్ననూ అంతే శ్రద్ధగా పట్టించుకుంది. గంజాం ప్రాంతంలో ఆ ప్రశ్న గ్రంథాలలోనే ఉండిపోలేదు. జలంత్ర జమీందారు రామకృష్ణ ఛోటరాయల పేరుతో ముడిపడి, పంతొమ్మిదో శతాబ్దిలో రూపుదిద్దుకున్న ప్రహ్లాద నాటకంలో, మర్దల, తాళాలు, ముఖవీణ మోగుతుండగా మెట్ల వేదిక మీద నిలిచే హిరణ్యకశిపుడి కోపానికి మూలం అదే. గురువులైన చండామార్కులు చెప్పని చదువు పసివాడైన ప్రహ్లాదుడికి ఎలా అబ్బింది? భాగవతం ప్రకారం, తల్లి లీలావతికి నారదుడు చేసిన బోధను కడుపులోని బిడ్డ కూడా విన్నాడు. కాలక్రమంలో తల్లి మరిచిపోయింది, బిడ్డ మరువలేదు. అంటే గురువు ఉండటంతోనే విద్య పూర్తికాదని, విన్నది నిలుపుకొనే పాత్ర ఒకటి వేరే కావాలని ఆ కథ ఒప్పుకుంటోంది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సాలో చేరేదాకా గంజాం మద్రాసు రాజధానిలోనిదే కాగా, దాని పొరుగునే బొబ్బిలి ప్రాంతపు అజ్జాడలో 1864లో పుట్టిన హరికథకుడు ఆదిభట్ల నారాయణదాసు కూడా అలాగే సంగీతాన్ని చాలావరకు వినికిడితోను, స్వయంకృషితోను సాధించుకున్నారు. గానం, వీణ, నృత్యం, కవిత్వం ఆయన దగ్గర వేరువేరు విద్యలుగా నిలవక హరికథలో ఒక్కటయ్యాయి. కుప్పుస్వామి నాయుడు అనే కథకుడు చెప్పిన హరికథ విని ప్రేరణ పొందినా, తెలుగులో నారాయణదాసు నిలిపిన రూపం పూర్తిగా ఆయనదే. ఆయన ప్రదర్శించిన పంచముఖి అనే లయ ప్రక్రియలో రెండు చేతులు, రెండు పాదాలు, తల ఐదు వేర్వేరు తాళాలను నడుపుతాయి: ఒక చేతి తాళం ఆవృత్తం ముగించేలోగా రెండో చేయి మరో ఎత్తుగడలో ఉంటుంది, గజ్జెల పాదాలు తమ లెక్కలు తాము నడుపుకుంటాయి, చివరికి అన్నీ ఒకే సమం మీదికి వచ్చి కలవాలి. అక్కడ శరీరమే వాద్యబృందం.

ఇటువంటి ప్రతిభను ఆలంకారికుడు రాజశేఖరుడు తన కావ్యమీమాంసలో మూడుగా విభజించాడు: పూర్వజన్మ సంస్కారం వల్ల వచ్చేది సహజ, ఈ జన్మలోని సంస్కారంతో సంపాదించుకునేది ఆహార్య, ఉపదేశం వల్ల కలిగేది ఔపదేశిక. స్వయంశిక్షితుడిని లోకం వెంటనే మొదటి వర్గంలో చేర్చి వరప్రసాది అంటుంది. అది పొగడ్తలా వినిపించినా, ఆ మనిషి పడ్డ శ్రమకు అన్యాయమే. అతడి అసలు చోటు ఆహార్యం.

మరి అందరి పాటా విని పెరిగినవాడి పాట తనదెలా అవుతుంది? మాతువును, అంటే సాహిత్యాన్ని, ధాతువును, అంటే స్వరరచనను రెంటినీ కూర్చేవాడే వాగ్గేయకారుడని నిర్వచించిన శార్ఙ్గదేవుడు, పదమూడో శతాబ్దపు సంగీతరత్నాకరంలో, గీత వాద్య నృత్యాలు మూడింటా నేర్పుతో పాటు, ఇతరుల నోట ఎంగిలిపడిన మాట కట్టకపోవడాన్ని, కొత్త ధాతువు నిర్మించడాన్ని కూడా అతడి లక్షణాలుగా చెప్పాడు. ఇక్కడ ఎంగిలి అన్న భావన చాలా లోతైనది: విన్నది నోట్లోనే ఉండిపోతే అది ఎంగిలి, అరిగి రక్తంలో కలిస్తే ఆహారం. తొంభై రాగాలను ఒక్క రచనలో గుచ్చిన నారాయణదాసు దశవిధ రాగనవతి కుసుమ మంజరిలో రాగాలన్నీ పూర్వులవే, వాటిని గుచ్చిన దారం మాత్రం మరెవరిదీ కాదు, ఆయనదే. 1919లో విజయనగరంలో విజయరామ గానపాఠశాల పెట్టినప్పుడు దానికి తొలి అధ్యక్షులుగా నియమించింది కూడా, చాలావరకు విని నేర్చుకున్న ఆయననే.