దారువునందలి చిత్రము

బస్తరు దక్షిణభాగమున, తాలిపేరు నది యొడ్డున బాసగూడ యున్నది. ఆ నీరే దిగువకు ప్రవహించి చర్లవద్ద జలాశయమై, పిదప గోదావరిని గలియును గనుక, గోండీయు దోర్లీయు తెనుగును కలసి వినవచ్చు నా సీమ మనకు పరాయిది కాదు. అచ్చటి యడవులలో టేకుతోడను ఇప్పతోడను నల్లమద్ది పెరుగును. మొసలివీపువలె పలకలు పలకలుగా చీలిన బెరడే దాని గుర్తు. హిందీవారు సాజా యనెడి ఈ చెట్టునందు తమ పెద్దదేవుడు నెలకొనియుండునని గోండులు తరతరములుగా నమ్ముచున్నారు. ఆ చెట్టునే కోసి చిత్రిక పట్టినచో, గోధుమవన్నెమీద నల్లని జీరలును, కొన్ని మ్రానులయందు అలలై కదలు మెరపును బయల్పడును. ఆ సొగసు కొఱకే విదేశములవారు దీనిని కోరి కొందురు. మ్రొక్కువానికి బెరడు చాలును. చిత్రమును చూడగోరువాడు చెట్టును కూల్చక తప్పదు. ఈ యిరువురిలో వస్తువును చేరినవాడెవడు? ఆ చిత్రము వృక్షముయొక్క స్వరూపమా, లేక మన కంటికి తోచు నాభాస మాత్రమా?

ఈ విచారమునకు మిక్కిలి స్పష్టమైన సాక్ష్యమిచ్చు దారువు ఉత్తర అమెరికాలోని మేపుల్. 1875లో జబల్పూరునందు ఆంగ్ల సైనికాధికారుల నడుమ పుట్టిన స్నూకరునకును, దాని దాయాదియైన పూల్ ఆటకును కావలసిన క్యూకర్రలను చేయు శిల్పులు చారల మేపుల్‌ను ఎంతయో ప్రీతితో వెదకి తెత్తురు. తరిణెమీద నునుపు చేసిన యట్టి ముక్కను దీపముక్రింద మెల్లగా త్రిప్పినచో, ఇంతకుముందు నల్లగానున్న చార తెల్లబడును, తెల్లనిది నల్లబడును. ఆ నలుపు రంగు కాదు. అచ్చట వేరొక ద్రవ్యమేదియు లేదు. చెట్టు పెరుగునప్పుడు నారపోగులు తిన్నగా సాగక అలలై వంగినందున, ఒకచోట పోగుల ప్రక్కభాగము వెలుగును తిప్పికొట్టును, వేరొకచోట వాని కొసలు వెలుగును మ్రింగును. కోణము మారినంతనే ఆ వరుస తారుమారగును.

అద్వైతి యిచ్చట సంతోషించును. మృత్పిండము నెరిగినచో మృణ్మయమంతయు నెరిగినట్లేయని ఉద్దాలకుడు శ్వేతకేతువునకు ఛాందోగ్యమునందు బోధించిన దానికిని, కొరవిని త్రిప్పునప్పుడు కానవచ్చు నగ్నివలయమును దృష్టాంతముగా గొని గౌడపాదులు మాండూక్యకారికలలో విచారించిన దానికిని, ఇది తోడుబోయినదని యాతడనవచ్చును. అనవచ్చును గాని, ఆ మాటలో తొందర యున్నది. కొరవి నిలిచినచో వలయము జాడ లేక పోవును. దీపమారినను నారవంపు మాత్రము పోదు. చీకటిలో చిత్రిక పట్టినను, ఆ వంపుకడ ఎదురునార లేచి చెక్క పెచ్చులూడును. రంగునీరు పూసినచో, పోగుల కొసలు తేలిన తావులు దానిని హెచ్చుగా పీల్చుకొని ముదురువన్నె తాల్చును. అప్పుడా చారలను మన చూపు ఎంత త్రిప్పినను పూర్తిగా చెరపజాలదు. చూపరితో మారునది యొకటి, చూపరి లేకున్నను పనిచేయునది యొకటి. ఈ రెంటిని ఒక్క మాటతో త్రోసివేయుట న్యాయము కాదు.

మెత్తని మేపుల్ విషయమున శిల్పి యీ భేదమును ఏమరుటకు వీలులేదు. ఉక్కుగుండును సగముమేర చెక్కలో దించుటకు చక్కెర మేపుల్‌నందు సుమారు 1450 పౌండ్ల బలము కావలసియుండగా, వెండి మేపుల్‌నందు 700 పౌండ్లే చాలును. నార వంకర, చెక్క మెత్తన. అట్టి దారువు తేమకు వంగును, దెబ్బకు లొంగును. కనుక పెక్కుమంది శిల్పులు దానిని కొంచెము కొంచెముగా తరిణె పట్టుచు, నడుమనడుమ నెలలకొలది ఊరకుంచి, పిమ్మట నిలువునా తొలిచి, తిన్నని నారగల గట్టి మేపుల్ కడ్డీని లోపల బంకతో బిగింతురు. వెలుపలి చిత్రమును వారు అసత్యమని పారవేయలేదు. దానిపై మోయరాని భారమును మోపనులేదు. నా దృష్టిలో ఇది కేవల నైపుణ్యము కాదు, తత్త్వవివేకమే. అద్వైతసంప్రదాయము ప్రాతిభాసిక వ్యావహారిక పారమార్థికములని సత్తను మూడు విధములుగా వేరుచేసినది గదా! తెలుపునలుపుల మార్పు మొదటిదానికి, నారవంపు రెండవదానికి చక్కని యుదాహరణములు; మూడవదానిని గూర్చి చెక్కముక్క యేమియు చెప్పజాలదు, చెప్పించుటయు తగదు.

సాజాకు మ్రొక్కు గోండు సయితము ఈ మర్యాదనే పాటించుచున్నాడని నా యభిప్రాయము. లోనున్న చిత్రమును వాడు కాదనడు. దానిని చూడవలెనని పట్టుపట్టడు. నిలిచియున్న చెట్టు వానికి సంపూర్ణము. సౌందర్యమును బయటికి తీసి చూచినగాని నమ్మని మనము, ఆ చూచుటకై చెల్లించిన వెలను చిత్రములో లెక్కగట్టుట లేదు.

రజ్జుసర్పమును శుక్తిరజతమును చెప్పి జగన్మిథ్యాత్వమును పాఠశాలలలో బోధించు పండితులకు నా విన్నపమొక్కటి: శిష్యుని చేత ఇట్టి చారల పలకనొకదానిని నిజముగా చిత్రిక పట్టించి, అటుపిమ్మటనే మిథ్య యను మాటకు లక్షణము చెప్పుడు.