చెవి సాక్ష్యం

“నా చెవులతో నేను విన్నాను” అన్న మనిషితో వాదించటం కష్టం. చదివింది అబద్ధం కావచ్చు, ఎవరో చెప్పింది అబద్ధం కావచ్చు. స్వయంగా విన్నది ఎలా అబద్ధమవుతుంది? నేనూ ఇలాగే అనుకునేవాణ్ణి. నా చెవిమీద నాకున్న నమ్మకం వల్ల ఒక విద్యార్థి నష్టపోయాడు. నేను అబద్ధమాడలేదు, విన్నదే చెప్పాను. అయినా తప్పు నాదేనని ఇప్పుడు అనుకుంటున్నాను. అబద్ధమాడకుండానే మనిషి తప్పు సాక్ష్యం ఎలా చెబుతాడు? ఆ తప్పుకు అతను బాధ్యుడా, కాదా? నేను చర్చించదలచుకున్నది ఈ ప్రశ్ననే.

విషయం చిన్నది. కంప్యూటరులో పాట అంకెల రూపంలో వుంటుంది. సి.డి. ప్రమాణం ప్రకారం ధ్వని తరంగాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను 65,536 మెట్లలో ఒకదానిగా నమోదు చేస్తారు. ఈ అంకెల్ని తిరిగి విద్యుత్ తరంగంగా మార్చే పరికరాన్ని డాక్ అంటారు. ఆ తరంగానికి హెడ్‌ఫోన్లను కదిలించేటంత బలం ఇచ్చేది ఆంప్లిఫయర్. రెండూ కలిసి నిఘంటువంత జాగాలో బల్లమీద ఇముడుతున్నాయి.

మూడేళ్ల కిందట నేను సెన్‌హైజర్ హెచ్.డి. 600 హెడ్‌ఫోన్లు కొన్నాను. 1997లో వచ్చిన రకం అది. దాని ఇంపీడెన్స్, అంటే విద్యుత్ ప్రవాహానికి అది చూపే అడ్డు, 300 ఓమ్‌లు. ఒక వోల్టు ఇస్తే 32 ఓమ్‌ల చిన్న ఇయర్‌ఫోను సుమారు 31 మిల్లీవాట్లు తీసుకుంటుంది; 300 ఓమ్‌ల హెడ్‌ఫోను తీసుకునేది 3 మిల్లీవాట్లు మాత్రమే. అందుకే ఫోనుకు తగిలిస్తే పాట పీలగా వినిపించింది, ఆంప్లిఫయర్ పెట్టగానే నిండుగా వినిపించింది. ఇది భ్రమ కాదు, ఓమ్ సూత్రం.

జత కుదరటంలో ఇంకొక సంగతి కూడా వుంది. హెడ్‌ఫోన్ల అడ్డు అన్ని స్వరస్థాయిలకూ ఒకటిగా వుండదు. ఈ రకానికే 100 హెర్ట్‌జ్ ప్రాంతంలో అది 500 ఓమ్‌లు దాటుతుంది. ఆంప్లిఫయర్‌కు తన సొంత అడ్డు 120 ఓమ్‌లు వుంటే, ఆ మంద్రస్థాయి తక్కిన వాటికంటే సుమారు 1 డెసిబెల్ ఎక్కువగా వినిపిస్తుంది. ఆంప్లిఫయర్ అడ్డు హెడ్‌ఫోన్ల అడ్డులో ఎనిమిదోవంతుకు మించరాదని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే. దీన్ని ఎవరైనా కొలిచి చూసుకోవచ్చు.

ఇక్కడ ఆగివుంటే బాగుండేది. ఏడాది తిరక్కుండా, నాలుగు రెట్లు ధరపెట్టి ఇంకొక డాక్ కొన్నాను. మొదటి రాత్రే తేడా విన్నాను. తంబురా శ్రుతి విడిగా నిలబడినట్టూ, గాయకుడి వూపిరి చెవిపక్కనే వున్నట్టూ అనిపించింది. కళాశాలలో వారం రోజులు ఇదే చెప్పాను. నేను పాఠం చెప్పేవాణ్ణి. నాకు మాటలకు కొదవ లేదు.

విన్నవారిలో మా చివరి సంవత్సరం విద్యార్థి ఒకడున్నాడు. సంగీతమంటే ప్రాణం. సాయంత్రాలు పిల్లలకు ట్యూషన్లు చెప్పి హాస్టలు ఖర్చు గడుపుకునేవాడు. నా పాత డాక్‌లాంటిదే అతని దగ్గరా వుంది. ఏడు నెలలు కూడబెట్టి, కొత్త డాక్ కొని, ఒకరోజు నాకు తెచ్చి చూపించాడు. “మీరు చెప్పినట్టే వుంది సార్” అన్నాడు. నాకు సంతోషమే కలిగింది.

మా భౌతికశాస్త్రం లెక్చరర్ మాత్రం నవ్వి, మల్టీమీటరు తెచ్చాడు. ఒకే శబ్దం రెండు డాక్‌ల గుండా పంపి కొలిస్తే పాతది 2 వోల్టులు ఇచ్చింది, కొత్తది 2.3 ఇచ్చింది. అంటే కొత్తది 1.2 డెసిబెల్ పెద్దగా వాయిస్తున్నది. పెద్దగా వినిపించిన దాన్ని చెవి “స్పష్టంగా వుంది” అని భ్రమిస్తుందిట. అతను రెండింటినీ సరిసమానం చేసి, గుడ్డ కప్పి, ఏది మోగుతున్నదో చెప్పమన్నాడు. 20 సార్లలో 11 సార్లు సరిగా చెప్పాను. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది.

మొదట నాకు కోపం వచ్చింది. అనుభవాన్ని వోల్టుమీటరుతో కొలుస్తారా అని వాదించాను. ఈ వాదన మన సాహిత్యంలో మనకు తెలిసిందే: నా అనుభూతి నాది, దానికి రుజువులు అడగవద్దు. కాని ప్రత్యక్షాన్ని ప్రమాణమన్న మన పూర్వులే దాన్ని అంత సులభంగా ఒప్పుకోలేదు. గౌతముడి న్యాయసూత్రాలు ప్రత్యక్షానికి అది తప్పిపోనిదై వుండాలని షరతు పెట్టాయి. వాత్స్యాయనుడు ఎండమావిని ఉదాహరణగా చూపాడు. ఎండమావిని చూసినవాడు కూడా కళ్లారా చూసినవాడే.

దీనికి ఎదురుగా ఇంకొక తొందరపాటు వుంది. మన మిత్రులే కొందరు, “ఇదంతా డబ్బున్నవాళ్ల భ్రమ” అని కొట్టిపారేస్తారు. అదీ సరి కాదు. 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్లకు తగిన వోల్టేజీ కావాలన్నది ఏ వర్గం చెవికైనా నిజమే. 2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు, సి.డి.ని మించిన నాణ్యతగల రికార్డింగులను సి.డి. ప్రమాణంతో పోల్చి వినిపించిన పరీక్ష ఫలితాలు ప్రకటించారు: 554 ప్రయత్నాల్లో 276 సరైనవి, సగానికి సగం. కాని 2016లో రైస్ అనే పరిశోధకుడు అనేక పరీక్షలను కలిపి లెక్కవేస్తే సుమారు 52 శాతం తేలింది. శిక్షణ పొందినవారిలో అది దాదాపు 60 శాతం వుంది. తేడా బహు స్వల్పం, అయినా శూన్యం కాదు. చెవిని పదును పెట్టింది సాధన.

ఇంద్రియాల పెంపకం మానవచరిత్ర మొత్తం చేసిన పని అన్న ఆలోచన మార్క్స్ 1844 నాటి చేతిరాతల్లో వుంది. ఈ మాటను మనం సంతోషంగా ఉదాహరిస్తాం. దాని రెండో వైపు చూడం. చరిత్ర చెవిని పెంచితే, ఆ చరిత్రలోని అంగడి కూడా చెవిలోకి వస్తుంది. ఆ రాత్రి నేను శబ్దాన్ని మాత్రమే వినలేదు. నేను పెట్టిన ధరనూ, దాన్ని సమర్థించుకోవాలన్న ఆత్రాన్నీ కలిపి విన్నాను. నా విద్యార్థి వీటితోపాటు నా మాటల్ని కూడా విన్నాడు. గుడ్డ కప్పితే పోయింది ఇదే.

ఇక బాధ్యత సంగతి. తెలిసి చెప్పిన అబద్ధానికీ నిజానికీ మధ్య మూడోది ఒకటి వుంది: పరీక్షించగలిగి వుండీ పరీక్షించకుండా చెప్పిన మాట. ఒంటరిగా గదిలో కూర్చుని ఆనందించినంతకాలం దానివల్ల ఎవరికీ నష్టం లేదు. నలుగురు నమ్మే స్థానంలో వున్నవాడు నోరు విప్పగానే అది సాక్ష్యమవుతుంది, దాని ఖరీదు వినేవాడు చెల్లిస్తాడు. నా జీతంలో ఆ డాక్ ఒక ముచ్చట. అతనికి అది ఏడు నెలల సాయంత్రాలు.

సాహిత్య విమర్శ చేసే మనకు ఇది ఇంకా దగ్గరి విషయం. ఐ.ఎ. రిచర్డ్స్ కేంబ్రిడ్జిలో విద్యార్థులకు కవుల పేర్లు తీసేసి పద్యాలిచ్చి, వారు రాసిన అభిప్రాయాలను 1929లో పుస్తకంగా ప్రచురించాడు. పేరు తెలియకపోతే అభిప్రాయాలు ఎంత తడబడతాయో ఆ పుస్తకం చూపింది. మనం కవితలో “శక్తి” విన్నామంటున్నప్పుడు కవితను విన్నామా, కవి మనవాడన్న సంగతిని విన్నామా? ఎన్నిసార్లు గుడ్డ కప్పి చదివాం? మన మాట నమ్మి పుస్తకాలు కొనేవాళ్లూ, మన మాట నమ్మి రాసేవాళ్లూ వున్నారు.

పరీక్ష సంగతి విద్యార్థికి చెప్పి, డబ్బు సగం ఇస్తానన్నాను. అతను తీసుకోలేదు. “నాకు మాత్రం నిజంగా తేడా వినిపిస్తోంది సార్” అన్నాడు. అతన్నీ ఆ గుడ్డ ముందు కూర్చోబెట్టాం. 20కి 9 వచ్చాయి. చాలాసేపు హెడ్‌ఫోన్లు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత మెల్లిగా అడిగాడు: “ఈ మీటరు అప్పుడు కూడా కాలేజీలోనే వుంది కద సార్?”

వుంది. మా గదికి రెండు గదుల అవతలే వుంది.