రొమ్ముమీది పేరు

వాక్యభాగములు: నిర్గమకాండము 28:6-30, యెహోషువ 7:16-26



క్రిస్మసు దగ్గరపడుచున్నది. ఈ దినములలో మన సంఘములలో రెండే మాటలు వినబడును: పాటలెప్పుడు నేర్చుకొందుము, బట్టలెప్పుడు తెచ్చుకొందుము. పాటల సంగతి యువజన సమాజమువారు చూచుకొందురు. బట్టల సంగతి నేను కొంచెము వ్రాయదలచితిని. కొనవద్దని చెప్పుటకు కాదు. ఏడాదికొకమారు క్రొత్తబట్ట తొడిగిన బిడ్డ ముఖము చూచిన యే కాపరియు అట్టి ప్రసంగము చేయజాలడు. నేను చెప్పదలచినది బట్టమీది పేరును గూర్చి. ఆ పేరుమీద మనకు కలుగు మోజును గూర్చి, ఆ మోజు విరిగిపోవు విధమును గూర్చి.

మా యింటిలో ఈ మోజు మూడు తరములనుండి ఉన్నది. మా తాతగారు మిషను బడి పంతులు. ఆయనకు బిన్నీవారి గుడ్డ యనిన ప్రాణము. కొట్టువాడు తాను విప్పకముందే ముద్ర చూపుమని అడిగెడివారట. ఆ ముద్రగల కొసను పారవేయనీయక, చొక్కా లోపలివైపునకు వచ్చునట్లు కుట్టించుకొనెడివారని మా నాయనమ్మ చెప్పి నవ్వెడిది. ఆ గుడ్డ నేసిన మిల్లులు మద్రాసు పెరంబూరులో నుండెను. బకింగ్‌హాము మిల్లును, కర్ణాటిక్ మిల్లును 1920లో ఒక్కటియైనవి. అక్కడి కూలీలు ముఖ్యముగా చేరి 1918లో మద్రాసు లేబర్ యూనియను అను సంఘము పెట్టుకొనిరి. మన దేశములో క్రమముగా ఏర్పడిన తొలి కార్మిక సంఘములలో అది యొకటి. 1921లో అక్కడ పెద్ద సమ్మె జరిగెను. ఇవన్నియు నేను పుస్తకములలో చదివి తెలిసికొన్నవేగాని తాతగారి నోట విన్నవి కావు. ఆయనకు గుడ్డ తెలియును, ముద్ర తెలియును. మగ్గమునొద్ద నిలువబడినవాడు తెలియడు. 1996లో ఆ మిల్లులు మూతపడెను. అప్పటికి తాతగారు లేరు. మా నాయన పత్రికలో ఆ వార్త చదివి, "మంచి గుడ్డ నేసేవాళ్లు" అని మాత్రము అని, పత్రిక మడిచి ప్రక్కన పెట్టెను.

ఆయన మోజు వేరు. ఆయన యౌవనమునాటికి విమల్ వచ్చెను. మామగారు పెండ్లికి పెట్టిన ప్యాంటు బిట్టు విమల్ కాదని మూడు దినములు అలిగి కూర్చుండెనని మా అమ్మ ఇప్పటికిని చెప్పును. 1966లో అహమదాబాదు చెంత నరోడాలో పెట్టిన మిల్లు అది. విమల్ అనునది ఆ కంపెనీ స్థాపకుడైన ధీరూభాయి అంబానీగారి అన్నకుమారుని పేరు. బస్టాండు గోడమీద ఆ అక్షరములు కూడబలుకుకొని చదువు నేర్చిన మాకు అది ఒక పిల్లవాని పేరని తెలియనే తెలియదు.

నేను వేదాంత కళాశాలలో చేరునాటికి బిట్లు వెనుకబడి, కుట్టి అమ్మెడి చొక్కాలు ముందుకు వచ్చెను. తోటి విద్యార్థి యొకడు లూయీ ఫిలిప్ చొక్కా తొడిగి వచ్చిన దినమున గదిలోనివారమందరము దానిని తాకి చూచితిమి. ఆ పేరు మన దేశపు అంగళ్లకు వచ్చినది 1989లో. అది 1830 మొదలు 1848 వరకు ఫ్రాన్సు దేశము నేలిన రాజు పేరు. ప్రజలు తిరుగబడగా అతడు సింహాసనము విడిచి ఇంగ్లండుకు పారిపోయెను. మరుసటి దినము చరిత్ర పరీక్ష వ్రాయవలసిన మాలో నొక్కనికైనను ఆ సంగతి తట్టలేదు.

మోజును గూర్చి పరిశుద్ధ గ్రంథములో చదువవలెనన్న నేను మొదట ఆకాను నొద్దకు పోవుదును. యెరికో కూలినది. దోపుడు సొమ్ములో నేదియు ముట్టకూడదని ఆజ్ఞ. ఆకాను మూడు వస్తువులు ముట్టెను: 200 తులముల వెండి, 50 తులముల బంగారు కమ్మి, షీనారునుండి వచ్చిన పైవస్త్రము. యెహోషువ యెదుట తప్పు నొప్పుకొనునప్పుడు అతడు ముందుగా ఏది చెప్పెనో చూడుడి. బంగారము కాదు, వెండి కాదు, బట్ట. అదియు ఊరికే మంచి బట్టయని చెప్పలేదు. ఏ దేశపుదో ఆ దేశము పేరు పెట్టి చెప్పెను. షీనారనగా బబులోను దేశము. నలువది యేండ్లు అరణ్యములో తిరిగినను ఇశ్రాయేలీయుల బట్టలు పాతగిలలేదని ద్వితీయోపదేశకాండము 8వ అధ్యాయములో మోషే వారికి జ్ఞాపకము చేసెను గదా. ఆకాను అట్టి జనములోనివాడు. దేవుడు చినిగిపోనీయని బట్టల మధ్య పెరిగినవాడు, బబులోను పేరు వినగానే కరిగిపోయెను.

ఇంతకు అతడు దానిని తొడిగెనా? లేదు. గుడారము మధ్య గుంట త్రవ్వి దాచెను. దానిని వేసికొని పాళెములో పదడుగులు నడిచిన ఘడియ యొక్కటియు లేదు. పేరుగల బట్ట పదిమంది చూచుటకు గదా! చూచువారు లేనప్పుడు అది మట్టిలోని గుడ్డ. ఆ గుడ్డ నిమిత్తము ముప్పదియారుగురు హాయివారి చేతిలో చచ్చిరి.

బట్టల వ్యాపారమును నేను నిందించుచున్నానని యెవరును తలంపవద్దు. ఫిలిప్పీ పట్టణములో పౌలు బోధ విని హృదయము తెరచిన లూదియ ఊదారంగు సరుకు అమ్ముకొని బ్రదికినది. తుయతైర ఊదా అనిన ఆ కాలమున పేరుగల సరుకే. ప్రభువు ఆమెను కొట్టు మూసివేయుమనలేదు. ఆమె యింటి తలుపు తెరచి అపొస్తలులను చేర్చుకొనెను. మా సంఘములో బట్టల కొట్టున్న కుటుంబము ఒకటి యున్నది గనుక ఈ మాట వారికొరకు కూడ వ్రాయుచున్నాను.

ఇక నా సంగతి. 2003లో నా మొదటి జీతముతో విజయవాడ బీసెంటు రోడ్డులో నొక కంపెనీ చొక్కా కొంటిని. కంపెనీ పేరు వ్రాయను; వారు నాకే అన్యాయమును చేయలేదు. జేబుమీద బొటనవ్రేలి గోరంత గుర్తు దారముతో కుట్టియుండును. అద్దములో చూచుకొన్నప్పుడు ముందు ఆ గుర్తే కనబడును. పదకొండేండ్లు ఆ కంపెనీవే తొడిగితిని. ఆషాఢమాసములో తగ్గింపు ధరలు పెట్టగానే పాస్టర్ల కూటమున్నదని చెప్పి విజయవాడ పోయి రెండు చొక్కాలు తెచ్చుకొనెడివాడను. కూటము నిజముగానే యుండెడిది. అయినను నేనెందుకు పోయెడివాడనో మా యింటిలో వారికి తెలియును.

ఆ తరువాత నా మోజు విరిగినది. ఎందుకని యెవరైన అడిగినయెడల, "బట్ట మునుపటివలె లేదు, ఆరు నెలలకే కాలరు పోగులు లేచుచున్నది" అని చెప్పెడివాడను. కాలరు పోగులు లేచినమాట నిజమే. అయితే అది కారణము కాదు. మా శనివారపు సంతలో తాటాకు పందిరి క్రింద అదే గుర్తు పెట్టిన నకిలీ చొక్కాలు కుప్పపోసి అమ్మసాగిరి. ఆటో తోలువాడును, చేపల బుట్టవాడును ఆ గుర్తు తొడిగిరి. అప్పటినుండి నా జేబుమీది గుర్తు నాకు చిన్నదిగా కనబడెను. నేను ప్రేమించినది బట్టనైతే, మరియొకడు దానివంటిది తొడిగినంత మాత్రమున నా బట్ట చెడునా? నాకును చేపల బుట్టవానికిని నడుమ నేను కట్టుకొన్న గోడ అది. వాడు దానిని నూటయేబది రూపాయలకు దాటెను. అదే నాకు రుచింపలేదు.

2014లో మా సంఘములో నొక కూలీ మనిషి పెద్దకుమార్తెకు బాప్తిస్మమిచ్చితిని. ఆయన మిరపకళ్ళములలో కాయలు తొడిమలు తీయుటకు, బస్తాలు తొక్కుటకు పోవువాడు. ఆ దినమున ఆయన సంతలో కొనిన క్రొత్త చొక్కా తొడిగి వచ్చెను. తెల్లని చొక్కా; జేబుమీద ఆ గుర్తు. ఆరాధన ముగిసిన తరువాత నేను ద్వారమునొద్ద నిలిచి అందరికి చేయి కలుపుచుండగా ఆయన వచ్చెను. నా ప్రక్కన ఇద్దరు పెద్దలుండిరి. నేను ఆయన జేబుమీద వ్రేలు పెట్టి, "ఏమయ్యా, మన కంపెనీయే! కాని ఇది అసలుది కాదులే" అంటిని. పెద్దలు నవ్విరి. ఆయనయు నవ్వెను.

యాకోబు పత్రిక 2వ అధ్యాయము మీద, ఉంగరము పెట్టుకొని వచ్చినవానికి మంచి స్థలమును, మాసిన బట్టలవానికి నేలయు చూపుటను గూర్చి, ఆ సంవత్సరమే రెండు ఆదివారములు ప్రసంగించి యుంటిని. అయితే అక్కడ చెప్పబడినవాడు మాసిన బట్టలవాడు. ఉన్నదంతయు కూర్చుకొని మంచిబట్ట తొడిగి దేవుని మందిరమునకు వచ్చినవానిని ఆ బట్ట విషయములోనే నవ్వులపాలు చేయుట యాకోబుగారికైనను తట్టియుండదు.

తరువాతి ఆదివారము ప్రభురాత్రి భోజనము. ఆయన అదే చొక్కా తొడిగి బల్లయొద్దకు వచ్చెను. రొట్టె ఇచ్చుటకు నేను వంగినప్పుడు ఆ జేబు నా కన్నుల యెదుటికి వచ్చెను. గుర్తు లేదు. దాని చోట చిన్న చిన్న రంధ్రములు, ఆ గుర్తు ఆకారముననే, వరుసగా నుండెను. నా చేతిలో రొట్టె నిలిచిపోయెను. ఆయన చేయి చాపియే యుండెను.

మధ్యాహ్నము నా భార్య ఆ బిడ్డ చెప్పిన మాట నాకు చెప్పెను. "నాన్న చొక్కా మీద బొమ్మ ఉంటే అయ్యగారు మళ్ళీ నవ్వుతారని రాత్రి అమ్మ పిన్నీసుతో ఒక్కొక్క దారమూ పీకేసిందండీ" అని చెప్పినదట.

ఆ సాయంకాలము నాకు అహరోను జ్ఞాపకమునకు వచ్చెను. పేర్లుగల వస్త్రమును చేయుమని దేవుడు తానే ఆజ్ఞాపించెను. నిర్గమకాండము 28వ అధ్యాయము నెమ్మదిగా చదువుడి. ఏఫోదు భుజములమీద రెండు లేతపచ్చలు. ఒక్కొక్కదానిమీద ఆరేసి పేరులు. రొమ్ముమీది పతకములో పండ్రెండు రత్నములు. వాటిమీద పండ్రెండు పేరులు. ఎవరి పేరులు? ఆ పని చేసిన బెసలేలు పేరు కాదు. నూలు ఎక్కడినుండి వచ్చెనో ఆ దేశము పేరు కాదు. తొడిగిన అహరోను పేరును కాదు. రూబేను, షిమ్యోను, లేవి మొదలుకొని, తగవులాడినవారు, తమ్ముని అమ్ముకొనినవారు, వారి పేరులు. పరిశుద్ధస్థలములోనికి పోవునప్పుడెల్ల అతడు వారిని గుండెమీద మోసికొని పోవలెను. బంగారమునకును రత్నములకును ఎంత బరువుండునో గాని, అసలు బరువు ఆ పేరులది.

మనము ప్రొటెస్టంటులము, కాపరి యాజకుడు కాడని కళాశాలలో నేర్చుకొంటిమి, అది సరియే. అయినను ఆ రొమ్ము స్థలమున, సరిగా ఆ స్థలముననే, నేను పదకొండేండ్లు ఒక కంపెనీ గుర్తు మోసితిని. ఆ మనిషిని చూడబోవలెనని లేచినప్పుడు నాకొక సంగతి తెలిసినది: ఆయన పేరు నాకు తెలియదు. ఊరిలో అందరు పిలుచు ముద్దుపేరుతోనే నేనును తొమ్మిదేండ్లు పిలిచితిని. ఆయన బిడ్డ బాప్తిస్మపు పత్రములో కూడ తండ్రి పేరు మా గుమాస్తా వ్రాసెను, నేను క్రింద సంతకము చేసితిని. సంఘపు రిజిస్టరు తీసి, దీపము దగ్గరకు జరుపుకొని వెదకితిని. దొరికినది. ఇక్కడ వ్రాయను, అక్కడ ఉన్నది.

ఆ పేరుతో పిలిచి వాకిటిలో నిలిచితిని. ఆయన మంచము వాల్చి కూర్చుండుమనెను. నేను నిలువబడియే, "ఆ రోజు నేను తప్పు మాట్లాడాను. మీ ఇంటిల్లపాదీ నన్ను క్షమించాలి" అంటిని. ఆయన భార్య పొయ్యి దగ్గరనుండి లేవలేదు. ఆమె ముఖము అటువైపే యుండెను. ఆమె క్షమించినట్లు నాకు ఆ దినమున తెలియలేదు; అడుగుటకు నాకు మొగము లేకపోయెను. ఆయన కొంతసేపటికి, "పోనీలెండి అయ్యగారూ. అది తీసేశాకనే బాగుందండి. లోపలివైపు ఆ దారాల ముడి గుండెకి గుచ్చుకుంటా ఉండేది" అనెను.

నిజమే. నావికూడ గుచ్చుకొనును. పదకొండేండ్లలో నేను ఎవరితోను చెప్పలేదు.

ఆ సంవత్సరము క్రిస్మసుకు మా యింటిలో తాను గుడ్డ కొని, మా వీధి టైలరు చేత అందరికి కుట్టించితిమి. నా చొక్కా భుజములు కొంచెము వదులయ్యెను. ఆయన ఆ ఆదివారము ద్వారమునొద్ద నా జేబువైపు చూచి, "ఇది ఏ కంపెనీ అండి?" అనెను. నేను టైలరు పేరు చెప్పితిని. ఆయన భార్య అప్పుడు నవ్వెను.

ఆ తెల్ల చొక్కాను ఆయన చాల యేండ్లు తొడిగెను. మొన్న మాఘమాసములో మిరపకళ్ళము ప్రక్కగా పోవుచుండగా, ఘాటు ముక్కునకు తగులకుండ ఆయన దానిని తలకును మొగమునకును చుట్టుకొని కాయలు ఏరుచుండెను. రంగు మారి ఎఱ్ఱబడియున్నది. జేబు పైకి వచ్చియుండుటచేత గుర్తుపట్టి, పేరు పెట్టి పిలిచితిని.