తులాధారుని తక్కెడ – గాలివాననాటి అంగడి ధర్మము

కార్తికమాసము నెల్లూరు సీమకు పుణ్యకాలము, భయకాలము కూడ. ఒకవంక పెన్నాతీరమున తల్పగిరి రంగనాథస్వామి సన్నిధిలో దీపములు వెలుగుచుండగా, మరొకవంక కృష్ణపట్నపు రేవులో ప్రమాదసూచిక ఎగురవేయుదురు. 1927లోను, 1984లోను, 1989లోను నవంబరు నెలయందే పెనుతుపానులు ఈ తీరమును తాకినవి. 1984 నాటిది శ్రీహరికోట చెంతను, 1989 నాటిది కావలి చెంతను తీరము దాటినవి. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చి, పడుగుపాడు వద్ద రైలుకట్ట తెగి, జాతీయ రహదారిపై రాకపోకలు నిలిచినవి. కావున ఈ తీరవాసుల భయము వట్టి భ్రమ కాదు. అనుభవము నేర్పిన జాగ్రత్త.

సూచిక ఎగిరిన పూట అంగడి చూడవలెను. మైపాడు, జువ్వలదిన్నె, తుమ్మలపెంట వంటి ఊళ్లలో సముద్రము కంటె ముందుగా అంగడియే పోటెత్తును. బియ్యము, ఉప్పు, ఎర్రగడ్డలు, పాలపొట్లములు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, టార్చిలైటు బ్యాటరీలు – వారము దినములకు చాలు సరకు ఒక్క జాములో కరగిపోవును. ఆ గడియలో అంగడివాని ఎదుట రెండు ప్రశ్నలు నిలుచును. ధర పెంచవచ్చునా? ఒకరికి ఇంతయే అని పరిమితి పెట్టవచ్చునా? ఇవి వర్తకపు లెక్కలవలె కనిపించును గాని, నిజమునకు ధర్మసూక్ష్మములు. ఏలయన, ఆ పూట వానిచేత ఉన్నది సరకు మాత్రమే కాదు. ఊరి భయము కూడ వానిచేతనే ఉన్నది.

మహాభారత శాంతిపర్వమున జాజలి అను తపస్వి కథ కలదు. ఆయన సముద్రతీరమున ఘోరతపము చేసెను. జటలలో పిట్టలు గూడు కట్టి పిల్లలను పెట్టినను కదలలేదు. తనవంటి ధర్మాత్ముడు లేడని గర్వించినంతనే, కాశిలోని తులాధారుడను వర్తకునితో నీవు సమానుడవు కావని ఆకాశవాణి పలికెను. జాజలి పోయి చూడగా, ఆ మహనీయుడు అంగటిలో కూర్చుండి సరకులు అమ్ముచుండెను. ఆయన చెప్పిన ధర్మరహస్యము యొక్క సారము ఇంతయే: తన తక్కెడ సర్వభూతముల యెడ సమముగా నిలుచును. అడవిలో తపస్సు చేసినవాడు అంగటిలో పాఠము నేర్వవలసివచ్చెను. వర్తకము మోక్షమార్గమునకు అడ్డమని తలచువారికి ఈ కథయే సమాధానము.

తులాధారుని తక్కెడకు రెండు తట్టలు కలవు. గాలివాననాటి అంగటికి కూడ అట్లే రెండు తట్టలు. ఒకటి ధర, రెండవది పరిమితి. ఒకటి మాత్రమే సరిచూచుకొని రెండవదానిని విడిచినవాని తక్కెడ నిలువదు.

మొదట ధర సంగతి. లాభము పాపమని మన శాస్త్రములు చెప్పలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రము స్వదేశపు సరకుపై నూటికి ఐదు, పరదేశపు సరకుపై నూటికి పది వర్తకునకు లాభముగా అనుమతించినది. అయితే వర్తకులు కూడబలుకుకొని సరకు బిగపట్టినను, అన్యాయపు ధరకు అమ్మినను వేయి పణముల దండన విధించినది. అనగా శ్రమకు, పెట్టుబడికి, రవాణాకు ప్రతిఫలము న్యాయము. ఎదుటివాని ఆపదకు ధర కట్టుట అన్యాయము. నిన్న కొన్న కొవ్వొత్తికి ఈనాడు అధికముగా పడిన ఖర్చు ఏమియు లేదు. పెరిగినది కొనువాని భయము ఒక్కటే. ఆ భయమును అంగడివాడు తయారుచేయలేదు, మోసికొని రాలేదు, నిలువచేయలేదు. దానికి వెల అడుగుటకు వానికి అధికారము ఎక్కడిది?

ఇక్కడ ఒక ఆక్షేపణ కలదు. దానిని తేలికగా త్రోసివేయరాదు. ధర పెరిగినచో అనవసరముగా కొనువాడు వెనుదీయును. లాభమునకు ఆశపడి దూరప్రాంతముల సరకు తానే తరలివచ్చును. కనుక పెరిగిన ధరయే పంపిణీకి మేలైన సాధనము అని కొందరు పండితులు వాదింతురు. ఇందులో కొంత సత్యము ఉన్నది. మార్గము తెగినప్పుడు చుట్టుదారిన లారీ తెప్పించినవానికి అధిక వ్యయము నిజముగానే అగును. దానిని ధరలో చేర్చుకొనుట దోషము కాదు. పాత సరకు పాత ధరకు, కొత్త సరకు కొత్త ధరకు వేరువేరుగా ఉంచి, కొన్న చీటీ అడిగినవారికి చూపగల వర్తకుడు తలవంచుకొనవలసిన పనిలేదు. వాని పెట్టుబడి తరుగదు. తరుగునది ఆశించిన అధిక లాభము మాత్రమే.

కాని ఆ వాదము ఒక సంగతి మరచుచున్నది. ధర పెరిగినప్పుడు వెనుదీయువాడు అవసరము లేనివాడు కాదు; డబ్బు లేనివాడు. పట్టపుపాలెములలో ఏనాటి వేటకు ఆనాటి కూడు. సూచిక ఎగిరిననాడే పడవలు ఒడ్డెక్కును. ఆనాటినుండియే రాబడి ఆగును. నెల సరకు ఇంట నిలువ ఉంచుకొను అలవాటు లేని ఆ కుటుంబమే అందరికంటె కడపట, అందరికంటె తక్కువ రొక్కముతో అంగటికి వచ్చును. ధర రెట్టింపయినచో మేడ ఇంటివారు కొంచెము విసుగుకొని కొందురు. పాలెపు ఇల్లాలు వట్టి చేతులతో మరలిపోవును. ఇద్దరి ఆకలియు ఒక్కటే అయినప్పుడు, ధర ఎవరి పక్షమున తీర్పు చెప్పినట్లు?

దీనికి చరిత్రయే సాక్షి. 1876–78 నాటి ధాత కరవులో నెల్లూరు జిల్లా కూడ అల్లాడినది. మద్రాసు ప్రభుత్వము తానే ధాన్యము కొనబూనగా, వైస్రాయి లిట్టన్ ప్రభుత్వము వర్తకములో జోక్యము తగదని వారించినది. ధర పెరిగినచో ధాన్యము దానంతట అదియే చేరునని వారి విశ్వాసము. ఓడలలోను రైళ్లలోను ధాన్యము వచ్చినది కూడ. అయితే కూలి దొరకనివాని చేతిలో దానిని కొనుటకు కాసులేదు. ధాన్యము అమ్మకమునకు ఉన్న సీమలోనే లక్షలాది జనులు ఆకలిచే మరణించిరి. సరకు ఊరికి చేరుట వేరు, విస్తరికి చేరుట వేరు.

అయినచో పాత ధరకే అమ్మిన అంగడివాడు ధర్మము నెరవేర్చినవాడు అగునా? సగము మాత్రమే. అంగటిలో నూరు కిలోల బియ్యమున్నది, ఊరిలో ఏబది గడపలున్నవి అనుకొనుడు. పరిమితి లేనియెడల ముందు వచ్చిన నలుగురు ఇరువదియైదేసి కిలోలు ఎత్తుకొని పోవుదురు. నలుబదియారు గడపలకు మిగులునది శూన్యము. ఆ నలుగురిలో ఒకడు వీధి మలుపున నిలిచి రెట్టింపునకు అమ్మినచో, మంచి వర్తకుని మంచి ధర చెడ్డవానికి పెట్టుబడి అగును. గడపకు రెండేసి కిలోలు ఇచ్చినచో ఏబది పొయ్యిలు వెలుగును. ధర న్యాయమైనంత మాత్రమున చాలదు. ఆ న్యాయము కడపటి మనిషివరకు అందునట్లు చేయునది పరిమితియే.

ఈ సంగతి భాగవతులకు కొత్త కాదు. గోష్ఠిలో తీర్థము వినియోగమగునప్పుడు అర్చకస్వామి ఉద్ధరిణితో అందరికి ఒకే కొలతగా సాదించును. కోటీశ్వరుడు దోసిలి పట్టినను బిందెడు తీర్థము ఇయ్యరు. కూలివాడు దోసిలి పట్టినను చుక్క తగ్గింపరు. కడపట నిలిచినవానికి అందవలెనన్న తలంపు మొదటి ఉద్ధరిణిలోనే ఉన్నది. తనకు తక్కువైనదని అచట ఎవ్వరును కోపింపరు. ఆ మర్యాదనే ఆపత్కాలమున అంగటికి తెచ్చుట పరిమితి అనబడును.

అయితే పరిమితి విధించుటలో చిక్కులు కలవు. నలుగురున్న ఇల్లు, పదునాలుగుగురున్న ఇల్లు ఒకటి కావు. ఒక పాలెపు కాపు ఇరువది ఇండ్లకు కలిపి కొనుటకు వచ్చి ఉండవచ్చును. వానిని దాచుకొనువాడని నిందించుట అన్యాయము. పసిబిడ్డ ఉన్న తల్లికి పాలపొట్లము ఒకటి అధికముగా కావలసియుండును. కనుక పరిమితి మనిషిని బట్టి కాక, గడపలోని నోళ్లను బట్టి ఉండుట మేలు. ఊరి అంగడివానికి ఏ ఇంట ఎందరో తెలియును. పట్టణపు అంగడివాడు అడిగి తెలిసికొనవచ్చును. సడలింపు అవసరమును చూచి ఇయ్యవలెనే గాని ముఖమును చూచి కాదు.

మరి మూడు నియమములు అనుభవజ్ఞులు పాటింతురు. పరిమితి ఎంతయో సుద్దముక్కతో పలకపై ముందుగనే వ్రాసి పెట్టుట మొదటిది. వరుసలో నిలిచినవాని ఎదుట అప్పటికప్పుడు కల్పించినది నియమము కాదు, అవమానము. వెనుక తలుపున బంధుమిత్రులకు మూటలు దాటింపకుండుట రెండవది. ముందు తలుపున ఎంత ధర్మము చేసినను వెనుక తలుపు దానిని తుడిచివేయును. రొక్కము లేదని పాత ఖాతాదారును ఆనాడు త్రిప్పి పంపకుండుట మూడవది. వేట లేనినాడు అప్పు ఇచ్చినవాడు, వేట సాగిననాడు తప్పక జ్ఞాపకము వచ్చును.

ప్రభుత్వ శాసనములు కొంతవరకు తోడ్పడును. పొట్లముపై ముద్రించిన గరిష్ఠ ధరకు మించి అమ్మరాదు. 2020 మార్చిలో మహమ్మారి ప్రబలినప్పుడు కేంద్ర ప్రభుత్వము మాస్కులను, శానిటైజర్లను నిత్యావసర వస్తువులుగా ప్రకటించి, మూడు పొరల మాస్కునకు 10 రూపాయలు, 200 మిల్లీలీటర్ల శానిటైజరునకు 100 రూపాయలు మించరాదని ఆజ్ఞాపించినది. అయితే ముద్రిత ధర లేని విడి కూరగాయల యెడ, ఆటో బాడుగ యెడ, వరదలో దాటించు పడవ యెడ వానిని కనిపెట్టియుండునది అంతరాత్మయే. అధికారి రాలేని వానలోనే అంగడివాని శీలము తెలియును.

కొనువారికి కూడ ధర్మము కలదు. కడుపు నిండుటకు ఎంత కావలెనో అంతయే దేహికి సొంతమనియు, అంతకు మించి నాదనువాడు దొంగయనియు శ్రీమద్భాగవతమున నారదుడు ధర్మరాజునకు బోధించెను. దాచుకొన్న ప్రతి అదనపు మూట మరొక ఇంటి ఖాళీ కుండ. 2016 నవంబరులో ఉప్పు కరవగుచున్నదన్న వదంతి ఉత్తరదేశపు పట్టణములలో వ్యాపించి జనులు అంగళ్లపై పడిరి. ఇస్కపల్లి ఉప్పుమడులలో సముద్రపునీరు ఎండి ఉప్పగుట ఎరిగిన నెల్లూరువారికి ఆ వదంతి విని నవ్వు రావలెను. అమెరికాలో 2020లో తుపాకి గుండ్లకే అట్టి తొక్కిసలాట కలిగి, పలు అంగళ్లవారు మనిషికి ఇన్ని పెట్టెలని కట్టడి చేసిరి. వస్తువు ఏదైనను భయము తీరు ఒక్కటే: కరవు వచ్చునని అందరును పరుగెత్తుట చేతనే కరవు వచ్చును. పలకపై వ్రాసిన పరిమితి ఆ పరుగును కూడ ఆపును. రేపటికి ఉండునన్న నమ్మకము కలిగినవాడు ఈనాడు దోచుకొనడు.

అంగడివానిని రంతిదేవుడవు కమ్మని ఎవ్వరును కోరరాదు. ఉన్న అన్నమును, కడపటి నీటిని కూడ అతిథులకు ఇచ్చివేసిన ఆ మహారాజుది త్యాగము. త్యాగము చేసినవాడు ధన్యుడు. చేయనివాడు దోషి కాడు. ఇక్కడ అడుగబడుచున్నది త్యాగము కాదు, న్యాయము. తన ఇంటికి కావలసినది తీసికొని, న్యాయమైన లాభము ఉంచుకొని, మిగిలిన సరకును భగవంతుడు తనచేత ఉంచిన ఊరి సొమ్ముగా పంచిన చాలును.

తుపాను రెండు మూడు దినములలో తీరము దాటిపోవును. సూచిక దించుదురు, పడవలు మరల నీటిలో దిగును. అంగటికి మరల అదే పాలెపు ఇల్లాలు వచ్చి నిలుచును. ఆ దినమున ఆమె కన్నులలోనికి సూటిగా చూడగల వర్తకుడే తులాధారుని వంశమువాడు. అట్టి సమదృష్టిని శ్రీరంగనాథుడు విక్రేతలకును, క్రేతలకును ప్రసాదించుగాక!